దేవుని సన్నిధిని పిడికెడు

ఈ ఉపన్యాసనిధిని నెలకొల్పినవారు రెండు నియమములు పెట్టిరి. ఏటేట జమ్మికుంటలో క్రైస్తవధర్మమునకు సంబంధించిన ఒక విషయమును గూర్చి ప్రసంగము జరుగవలెననునది మొదటిది. తమ పేరుగాని, ఎవరి జ్ఞాపకార్థము ఈ నిధి వెలసినదో వారి పేరుగాని ఆహ్వానపత్రికపై అచ్చు వేయరాదనునది రెండవది. స్మారకోపన్యాసమున స్మరింపబడువారి పేరే లేకుండుట వింతగనే యున్నది. ఉపన్యాసకుని మాట అటుంచి, పత్రిక అచ్చొత్తినవారికి సైతము ఇది తికమక కలిగించినదని వింటిని. అయినను ఆ రెండవ నియమమే నేడు నేను ప్రసంగింపవలసిన విషయమును నాకు సూచించినది. మనుష్యులు మఱచినను దేవుడు మఱవడని క్రైస్తవులు చెప్పుకొనుట కలదు గదా. ఆ మఱవకుండుట ఎట్టిది? ఒకడు గది తలుపు మూసికొని చేసిన ప్రార్థనయు, మఱియొకడు చీకటిలో బీదవాని చేతిలో పెట్టిన రూపాయయు ఆయనకు తెలియునన్నచో, తెలిసి ఆయన ఏమి చేయును?

ఈ ప్రశ్నకు క్రొత్తనిబంధనలో సూటియైన సమాధానము ఒక పరాయివాని కథలో దొరకును. అపొస్తలుల కార్యముల పదవ అధ్యాయమున వచ్చు కొర్నేలి కైసరయ పట్టణమున రోమా సైన్యపు శతాధిపతి. యూదుడు కాడు, సున్నతి పొందినవాడు కాడు, యూదయను అణచి ఏలుచున్న పరరాజ్యపు కొలువులో జీతము పుచ్చుకొనువాడు. అట్టివాడు యూదుల దేవుని కొలుచుటకు అలవడి, బీదలకు విరివిగా ఇచ్చుచు, నియమము తప్పక ప్రార్థించుచు కాలము గడుపుచుండగా, ఒకనాటి పగలు మూడు గంటల వేళ, అనగా యెరూషలేము దేవాలయమున సాయంకాలపు బలి నడచు సమయమున, దేవదూత అతని ఇంట నిలిచి, అతని ప్రార్థనలును దానములును పైకెక్కి దేవుని యెదుట స్మారకముగా చేరినవని తెలిపెను. ప్రార్థన ఒకటియే చేరినదని దూత చెప్పలేదు. దానము ఒకటియే చేరినదనియు చెప్పలేదు. రెంటిని జతపరచి చెప్పుటయు, ఆ చెప్పుట బాప్తిస్మము పొందిన విశ్వాసికి గాక ఇంకను వెలుపలనే నిలిచియున్న వానికి చెప్పుటయు మనము నిదానించి చూడదగిన సంగతులు.

అపొస్తలుల కార్యములను వ్రాసిన లూకా ఇచ్చట మనస్సున నుంచుకొన్న దృశ్యము లేవీయకాండపు రెండవ అధ్యాయమున కలదు. నైవేద్యము తెచ్చువాడు గోధుమపిండిపై నూనె పోసి, సాంబ్రాణి వేసి, యాజకునియొద్దకు తీసికొని రాగా, యాజకుడు దానినుండి తన పిడికెడు తీసి, సాంబ్రాణి యంతటితో కూడ బలిపీఠముపై దహించును. ఆ పిడికెడే జ్ఞాపకార్థపు భాగము. మిగిలిన పిండి యాజకుల భోజనమునకు పోవును. ఐదవ అధ్యాయమున ఇంకొక మెట్టు దిగి, గొఱ్ఱెపిల్లను తేజాలనివాడు రెండు పక్షులను తేవచ్చుననియు, పక్షులను సైతము తేజాలనివాడు కొలతప్రకారము కొంత పిండి తేవచ్చుననియు, దానిపై నూనెయు సాంబ్రాణియు అక్కరలేదనియు చెప్పబడినది. ఆ నిరుపేద పిండినుండియు యాజకుడు అదే పిడికెడు తీయును. ధర్మశాస్త్రకారుడు బీదవానికి కానుకను తగ్గించెనేగాని పిడికిలిని తగ్గింపలేదు. ఈ సంగతి నాకు ఆ గ్రంథమంతటిలో మిక్కిలి ఇష్టమైనది.

కాని కొర్నేలి ఆ పీఠముదాక పోవుటకు వీలులేదు. యెరూషలేము దేవాలయమున అన్యజనుల ఆవరణము దాటినచోట ఒక అడ్డుగోడ యుండెడిది. దానిని దాటిన పరజాతివాడు తన చావునకు తానే బాధ్యుడని గ్రీకుభాషలో చెక్కిన హెచ్చరిక శిల యొకటి 1871లో దొరికినది. రోమా అధికారముగల సేనాని యైనను ఆ గోడకు ఈవలనే నిలువవలెను. గుడి గడప ఎక్కరాదని తరతరములుగా వినుచు వచ్చినవారి సంతతి అధికముగా క్రైస్తవులైన ఈ ఉత్తర తెలంగాణమున ఆ గోడను గూర్చి నేను వివరింపనక్కరలేదు. మనిషి పోలేని చోటికి వాని ప్రార్థనయు దానమును పోయినవనియు, ఏ యాజకుడును పిడికిట పట్టకపోయినను అవి పీఠముపై పిడికెడు పిండివలెనే స్వీకరింపబడినవనియు లూకా చెప్పుచున్నాడు.

ఇక మన నేలకు వత్తము. తిరునల్వేలి సీమనుండి 1909లో దోర్నకల్లు చేరి, 1912లో ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆ తరువాతి మూడు దశాబ్దములలో తెలుగు పల్లె సంఘములకు మఱవకుండ నేర్పిన పాఠములలో ఇచ్చుటయు ఒకటి. క్రైస్తవ దానమును గూర్చి ఆయన ఇంగ్లీషులో ఒక గ్రంథమే రచించెను. ఆయన సంఘములలో అత్యధికులు మాల మాదిగ కులములవారు, దొరల భూములలో జీతగాండ్రు, వెట్టి చేయువారు. ఇట్టివారిని కానుక లడుగుట క్రూరముగాదా అని ఆనాడు అడిగినవారుండిరి, నేడును అడుగువారున్నారు. అజరయ్య ఆలోచన దీనికి విరుద్ధము. ఇతరుల చేతినుండి పుచ్చుకొనుట తప్ప ఎఱుగనివారు, తమ చేత తాము ఇచ్చిననాడు తల యెత్తుకొందురనియు, పరదేశపు సొమ్ముతో నడచు సంఘము ఎన్నటికిని తన కాళ్ళపై నిలువజాలదనియు ఆయన తలంచెను. ఇంటి ఇల్లాలు పొయ్యిపై ఎసరు పెట్టునప్పుడెల్ల పిడికెడు గింజలు తీసి వేఱు కుండలో వేయుటయు, ఆదివారము వాటిని ఆరాధనకు తెచ్చుటయు తెలుగు సంఘములలో ఆచారమైనది.

ఆ పిడికిట నుండినవి బియ్యమే అని మనము ఊహించుకొనుట నేటి అలవాటు. 1963లో పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరపు కాలువలు రాకపూర్వము ఈ జిల్లాల బీద ఇండ్లలో బియ్యము పండుగనాటి భోజ్యము. తక్కిన దినములు జొన్నగట్క. కనుక ఆ కుండలలో జొన్నలే ఎక్కువగా పడియుండవలెను. ఒక్క పిడికెడు జొన్నలు తీసినంతమాత్రమున గట్క ఒకింత పలుచనగును. ఆ పలుచదనము పిల్లల కడుపులకు తెలియును. ఇల్లాలు ఆ పిడికెడు తీయునప్పుడు ఏదో నాలుగు మాటలు గొణుగుకొనును, ప్రార్థన యనుటకు అదియే. ప్రార్థనను దానమునుండి విడదీయుటకు ఆమె వంటయింట చోటు లేదు. లేవీయకాండము చదువనేరని ఆ యిల్లాలు దాని రెండవ అధ్యాయమును దినమునకు రెండు మారులు ఆచరించినదని నేను అనుటకు సందేహింపను. కోతకాలపు పండుగనాడు గుమ్మడికాయలు, కోళ్ళు, వరికంకులు, కోడిగ్రుడ్లు గుడిలో పేర్చి, ఆరాధన ముగిసిన పిమ్మట వాటిని వేలము వేయుచు, ఒక నిమ్మకాయకు ఎనుబోతు ధర పలికించి నవ్వుకొను మన సంబరమును ఆ కుండ పరంపరలోనిదే. వేలమున ఎవరి పాట హెచ్చు అన్న పోటీ మాత్రము ఆ కుండకు తెలియదు.

ఇచ్చట తత్త్వవిచారకు డొకడు అడ్డుపడును. దేవుడు సర్వజ్ఞుడైనచో ఆయనకు మన అక్కఱలు మనము చెప్పకమునుపే తెలియును. యేసుక్రీస్తు సైతము కొండమీది ప్రసంగమున ఆ మాటయే చెప్పెను. అట్లైనచో ప్రార్థన ఏల? స్మరణ ఏల? మఱపు లేనివానికి జ్ఞాపకము చేయుట ఏమి అర్థము? ఈ ఆక్షేపణ క్రొత్తది కాదు. రోమానగరము 410లో కొల్లగొట్టబడిన పిమ్మట ఆఫ్రికాకు పారిపోయి వచ్చిన ప్రోబా అను ధనికురాలగు విధవకు భక్తుడైన అగస్తీను వ్రాసిన దీర్ఘలేఖలో దీనికి సమాధానము కలదు. మన కోరికను దేవునికి తెలుపుటకు గాక, ఆయన ఇయ్యనున్నదానిని పట్టుకొనుటకు చాలునంతగా మన ఆశ పెద్దది కావలెనని ప్రార్థింప నియమింపబడితిమని ఆయన వివరణము. పదుమూడవ శతాబ్దమున తోమా అక్వీనాసు మఱియొక విధమున చెప్పెను: ప్రార్థన దేవుని సంకల్పమును మార్చుటకు కాదు, ఏ కార్యము ఏ ప్రార్థన ద్వారమున జరుగవలెనని ఆయన సంకల్పించెనో దానిని ఆ ద్వారముననే పొందుటకు. విత్తుట చేత పంట పండవలెనని ఏర్పరచినవాడే అడుగుట చేత కొన్ని లభింపవలెనని ఏర్పరచెను. ఇవి గొప్ప సమాధానములే. కాని నాకు ఇవి సగము సమాధానములుగ తోచును. ఏలయన ఇవి ప్రార్థనను గూర్చియే చెప్పును, బీదవాని చేతిలోని రూపాయను గూర్చి చెప్పవు.

బైబిలున దేవుడు జ్ఞాపకము చేసికొనెనని వచ్చు తావులను వరుసగా చూచిన యెడల, ప్రతితావునను ఆ వెంటనే ఏదో ఒక క్రియ జరుగును. నోవహును జ్ఞాపకము చేసికొనెను, నీళ్ళు తగ్గినవి. రాహేలును జ్ఞాపకము చేసికొనెను, ఆమె గర్భవతియైనది. హన్నాను జ్ఞాపకము చేసికొనెను, సమూయేలు పుట్టెను. ఐగుప్తులో దాసుల మూలుగు విని తన నిబంధనను జ్ఞాపకము చేసికొనెను, మోషే పంపబడెను. అనగా అది అడితిదారుని చిట్టాలో అప్పును జమను ఎక్కించి, ఏడాదికొకమారు లెక్క తీసి, బాకీ చెల్లు వేయుటవంటిది కాదు. చిట్టా ఎఱుగును, కాని కదలదు. దేవుని యెఱుక కదలిక గలది. ఆయన తెలిసికొనుటయు లేచి వచ్చుటయు ఒక్కటియే.

చిట్టా మాట వచ్చినది గనుక ఈ ఊరి అంగడి సంగతి ఒకటి చెప్పక తప్పదు. కాజీపేట బల్లార్షా రైలుమార్గము 1929లో పూర్తియై, మద్రాసునకును ఢిల్లీకిని నడుమ నున్న బాటపై జమ్మికుంట నిలిచినది. పత్తి వ్యాపారము ఈ ఊరికి పేరు తెచ్చినది. ఆ కాలమున దేశమందలి అనేకములగు అంగళ్ళలో రైతు సరకునకు ధర కట్టునప్పుడు తరుగు, హమాలీ, దడువాయి కూలి మొదలగువానితోపాటు ధర్మము పేరిటను కొంత మినహాయించుకొనుట వ్యాపారులకు పరిపాటి. 1928లో వెలువడిన రాయల్ వ్యవసాయ కమిషన్ నివేదిక ఇట్టి అక్రమపు మినహాయింపులను ఎత్తిచూపెను. నిజాం ప్రభుత్వము సైతము 1339 ఫసలీలో, అనగా 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టము చేసి అంగళ్ళను అదుపునకు తేబూనెను. ధర్మము పేర తీసిన సొమ్ముతో సత్రములు, గోశాలలు, గుళ్ళు నడచిన మాట నిజమే. ఆ సత్రములలో అన్నము తినినవారి ఆకలియు నిజమే. అయినను దాత ఎవరు? పేరు వ్యాపారిది, పత్తి రైతుది. రైతునకు తాను దానము చేసితినను ఎఱుకయే లేదు.

ఇట్టి దానము దేవుని యెదుట ఎట్లు తూగునో చెప్పుటకు ప్రవక్తలు మొగమోటపడలేదు. బీదల సొత్తు తెచ్చి బలి యర్పించువాడు తండ్రి కన్నులయెదుట కొడుకును చంపువానితో సమానుడని, కథోలికులు పవిత్రగ్రంథములలో చేర్చుకొను సీరా జ్ఞానగ్రంథపు తాత్పర్యము. చేతులు రక్తముతో నిండియుండగా ఎన్ని ప్రార్థనలు చేసినను వినబోనని యెషయా నోట దేవుడు పలికెను. దరిద్రుని మొఱ్ఱకు చెవి మూసికొనువాడు తాను మొఱ్ఱపెట్టునప్పుడు వినువాడు లేకపోవునని సామెతల గ్రంథకర్త హెచ్చరించెను. సర్వజ్ఞత్వమను సిద్ధాంతమునకు ఇది రెండవ ముఖము, మనము తఱచుగా చూడనొల్లని ముఖము. దేవునికి మన కానుక తెలియునన్నచో అది ఎచ్చటినుండి వచ్చినదో అదియు తెలియును. కూలి తగ్గించి ఇచ్చిన దొర గుడికి గంట కట్టించినప్పుడు, ఆ గంట మ్రోత కంటె ముందుగా కూలివాని నిట్టూర్పు పైకి చేరునని యాకోబు పత్రిక ఐదవ అధ్యాయము చదివినవారు ఒప్పుకొందురు.

దాత పేరు మాట ఇంకొకటి. మన గుళ్ళలోను, బడులలోను, ఆసుపత్రులలోను పాలరాతి పలకలు మొదలుకొని గోడగడియారములు, ఫ్యానుల ఱెక్కలవరకు దాతల పేర్లు వ్రాయబడుచున్నవి. తిరుగుచున్న ఫ్యానుపై ఆ పేరు చదువుట ఎవరికిని సాధ్యము కాదు, ఆగినదాక కాచుకొనవలెను. నేను దీనిని ఎగతాళి చేయుటకు చెప్పలేదు. తన యింట ఎవరి పేరును ఏ రాతిపైనను ఎన్నడును చెక్కబడనివాడు తన తల్లి పేరు గుడి బల్లపై వ్రాయించుకొనుటలో ఆడంబరము కంటె అధికముగా ఒక దాహము కలదు. తాము సైతము ఉంటిమని లోకము ఒప్పుకొనవలెనను దాహము. కుడిచేయి చేయునది ఎడమచేయి ఎఱుగరాదని చెప్పిన గురువు ఆ దాహమును తిట్టలేదు. మనుష్యులచేత తీర్చుకొన్నచో అది అంతటితో తీఱినట్లే యని మాత్రము చెప్పెను. బూర ఊదించుకొన్నవానికి జీతము అప్పుడే ముట్టినది. రహస్యమందు చూచు తండ్రియొద్దనుండి రావలసినది మఱియొకటి కలదని ఆయన నమ్మించెను. దేవాలయమున పదుమూడు కానుకపెట్టెలు బూర ఆకారమున నుండెడివని యూదుల మిష్నా గ్రంథము తెలుపుచున్నది. వాటిలో రెండు కాసులు వేసిన విధవరాలి పేరును ఏ సువార్తికుడును వ్రాయలేదు.

కొర్నేలివంటి వెలుపలి దాత మన ప్రాంతమున లేకపోలేదు. స్కాట్లండునుండి 1907లో వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్తయగు జార్జి కెర్ పాదిరి వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున నిజామాబాదు సీమలో పనిచేయుచు, కుష్ఠరోగులకు తలదాచుకొను చోటైనను లేమి చూచి వగచుచుండిరి. అప్పుడు రాజా నర్సాగౌడ్ అను హిందువు ధనము నొసగగా, 1915లో డిచ్‌పల్లి వద్ద కుష్ఠరోగుల ఆశ్రమము వెలసినది. క్రమముగా అది దక్కనులో పేరెన్నికగన్న ఆసుపత్రియై, ఊరు వెలివేసినవారు, భార్యాబిడ్డలు విడిచినవారు దూరపు జిల్లాలనుండి నడచి వచ్చు చోటైనది. చాల్మూగ్రా జాతి నూనెల సూదిమందు అచ్చట విరివిగా వాడబడినది. ఇసబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఎ-హింద్ పతకము లభించినది. పతకము వైద్యురాలికి వచ్చినది. ఆమె దానికి తగినదే. కాని ఆ ఆశ్రమపు తొలి రాళ్ళకు వెల యిచ్చినవాడు బాప్తిస్మము పొందినవాడు కాడు, పొందగోరినట్లును మనకు తెలియదు.

ఇట్టి దానము దేవునికి చేరునా? మన సంఘములలో ఈ ప్రశ్నపై కత్తులు నూఱువారు కలరు. విశ్వాసము లేని క్రియ వ్యర్థమని ఒక పక్షము. సత్క్రియ చాలును, తక్కినదంతయు పేరుల తగవేయని ఇంకొక పక్షము. కాల్విను వంటి మహాపండితుడు సైతము కొర్నేలి కథయొద్ద చిక్కుపడి, అతనికి ముందుగానే కొంత వెలుగు కలిగియుండెననియు, అందుచేతనే అతని ప్రార్థన అంగీకృతమైనదనియు సమన్వయము చేసెను. ఆ సమన్వయము తప్పని నేననను. కాని లూకా ఆ చిక్కు మనకోసము విప్పలేదు. అతడు రెండే మాటలు చెప్పెను: వెలుపలివాని దానమును దేవుడు ఎఱిగెను, ఎఱిగి, వానిని వెలుపలనే విడువలేదు. మొదటి మాటను వదలినచో మనము నర్సాగౌడ్ ఋణమును మఱచిన కృతఘ్నులమగుదుము. రెండవదానిని వదలినచో అపొస్తలుడైన పేతురు కొర్నేలి ఇంటికి అంత దూరము నడచి వచ్చుట దేనికో చెప్పజాలము.

ఆ నడక మాటయే ఇక చెప్పవలసినది. కొర్నేలి ప్రార్థనలును దానములును చేరినవనుటకు దేవుడు చూపిన గుఱుతు ఏమి? నేడు కొందఱు ప్రసంగీకులు చెప్పునట్లు, ఇచ్చినదానికి నూరంతలు తిరిగి రాలేదు. అతనికి పదవి పెరిగినదని లేదు, పొలము కొన్నాడని లేదు. పది రూపాయలు కానుక వేసినచో వేయి రూపాయలు వచ్చునని సాక్ష్యములు చెప్పించుచు, కూలినాలి చేసికొనువారి సంచులు ఖాళీ చేయు బోధ మన పట్టణములలోను వ్యాపించుచున్నది. దేవుని యెఱుకను వడ్డీవ్యాపారముగా మార్చు ఆ బోధకు ఈ అధ్యాయమున ఒక్క అక్షరమైనను ఆధారము లేదు. కొర్నేలికి వచ్చినది ఒక అతిథి. యొప్పేలో సముద్రపు ఒడ్డున, చర్మములు పదను చేయు సీమోను ఇంట దిగియున్న ఒక జాలరి, ఆ పేతురే. ఆ యింటి వాసనయే నియమము తప్పని యూదునికి మైలయగును. తోళ్ళ పని చేయువారి వాడలనుండి వచ్చిన సంఘములకు ఆ చిరునామా దేవదూత నోట పలుకుట ఎట్లు వినిపించునో పండితులకంటె మీకు బాగుగా తెలియును.

ఆ యింటి మిద్దెపై పేతురు మధ్యాహ్నపు ప్రార్థనలో నుండగా, పవిత్రాపవిత్ర భేదము లేని జంతువులతో నిండిన దుప్పటి దర్శనము ముమ్మారు కలుగుటయు, క్రింద వాకిటిలో కొర్నేలి పంపినవారు పిలుచుటయు ఒక్క వేళనే జరిగినవి. ఇద్దఱు ప్రార్థించువారిని దేవుడు ఎఱిగెను. ఇద్దఱిని ఒకరియొద్దకు ఒకరిని కదలించెను. ఆ కదలికలో ఎక్కువ మాఱినవాడు కొర్నేలి కాడు, పేతురు. కైసరయకు పోయి, గుమ్మము దాటి, ఆ యింట కొన్నిదినము లుండెను. బాప్తిస్మమిచ్చుటకంటె అక్కడ ఉండి భుజించుటయే అతనికి కష్టమైనదని నా యూహ. రెండు గ్లాసుల పద్ధతి నెఱిగిన మన పల్లెలవారు ఈ యూహను కాదనరు. యెరూషలేమునకు తిరిగి వచ్చినప్పుడు అచ్చటి సహోదరులు అతనిని నిలదీసినది సైతము బాప్తిస్మమును గూర్చి కాదు. సున్నతి లేనివారితో కూర్చుండి ఏల తింటివని. పేతురు తన వెంట తీసికొనిపోయిన ఆర్గురు సహోదరులను సాక్షులుగా చూపి, జరిగినదంతయు వరుసగా చెప్పవలసివచ్చెను.

ఆ నిలదీత జరిగిన అధ్యాయపు చివరనే లూకా ఇంకొక చిన్న వృత్తాంతము చేర్చెను. క్లౌదియ చక్రవర్తి కాలమున కఱవు రానున్నదని తెలియగా, అన్యజనులును చేరియున్న అంతియొకయ సంఘమువారు ఒక్కొక్కరు తమ శక్తికొలది సొమ్ము కూర్చి యూదయలోని సహోదరులకు పంప నిశ్చయించిరి. సున్నతి లేనివారి పంక్తిని ఆక్షేపించిన ఊరికి సున్నతి లేనివారి అన్నము పోవుచున్నది. ఎవరెంత వేసిరో లూకా వ్రాయలేదు. ఆ మొత్తమును బర్నబా సౌలుల చేతికిచ్చి పెద్దలకు పంపిరని మాత్రము వ్రాసి, అతడు హేరోదు కథలోనికి పోయెను.